డాబా మీద సోలార్ ఉంటే సరిపోదు: దివిసీమ చెప్పే చరిత్ర



1864లో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచేసి సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ వంతు వచ్చింది. సర్కారు లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. పూరిపాకల్లో బతికే మన యానాదులకు, ఎరుకలకు ఎక్కడానికి గట్టి డాబా ఏది? ఆ తర్వాతే తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. మన దగ్గర ప్రభుత్వ భవనం పైకప్పు అంటే ముందు ప్రాణం నిలిచే చోటు.

ఇప్పుడు అదే పైకప్పు మీదకు సోలార్ వస్తోంది. 2001లో ఇంధన పొదుపు చట్టం చేశారు. దాని కింద 2007లో భవనాలకు ఒక కోడ్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో దాన్ని అమల్లోకి తెచ్చుకుంది. 2017 కోడ్ పెద్ద భవనాల పైకప్పులో సోలార్‌కు చోటు వదలమంది. 2022 సవరణ శిలాజేతర ఇంధనం వాడకాన్ని తప్పనిసరి చేసే అధికారం ఇచ్చింది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ప్రభుత్వ భవనాల పైకప్పులకు కూడా ఊపు వచ్చింది.

ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి.

ఒకటి, కోడ్ 100 కిలోవాట్ల లోడు ఉన్న భవనాల నుంచే మొదలవుతుంది. మచిలీపట్నం, గుడివాడల్లో పెద్ద ఆఫీసులకు అది తగలొచ్చు. నాగాయలంక, కోడూరు వైపు మన పేటలో అంగన్‌వాడీకి, చిన్న బడికి ఎక్కడ తగులుతుంది?

రెండోది ఇంకా ముఖ్యం. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైను పోగానే తనంతట తానే ఆగిపోతుంది. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. తప్పేం లేదు. కానీ తుపాను రాత్రి ముందు పోయేది కరెంటే. బ్యాటరీ లేకపోతే నెత్తిన పలకలున్నా షెల్టర్‌లో చీకటే. ఫోన్ చార్జింగ్ ఉండదు, నీళ్ల మోటారు తిరగదు.

రూలు యూనిట్లు లెక్కపెడుతుంది, మన చరిత్ర ఆ ఒక్క రాత్రిని లెక్కపెడుతుంది. అందుకే గ్రామసభలో మనం అడగాల్సింది "సోలార్ పెట్టండి" అని మాత్రమే కాదు. "షెల్టర్‌కు, బడికి బ్యాటరీతో పెట్టండి, దాన్ని ఎవరు చూసుకుంటారో రాసివ్వండి" అని. ఈ నవంబరు 19లోపు మీ ఊరి షెల్టర్ ఎక్కి చూడండి. బ్యాటరీ ఉందా లేదా, ఇక్కడ రాయండి.