అప్పు దావాలో సైనికుడి భార్య: నారద స్మృతి నుంచి 1976 సవరణ వరకు

ఉపోద్ఘాతం

సైనికుడు యుద్ధానికి వెళ్లినా అతడు చేసిన అప్పు ఊళ్లోనే ఉంటుంది. ప్రోనోటు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రుణదాత దావా వేస్తే కోర్టు అమీనా వచ్చేది సైనికుడి స్వగ్రామంలోని ఇంటికే. ఆ సమయానికి ఇంట్లో ఉండేది భార్య. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా మంది విదేశీ యుద్ధరంగాలకు వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం సంఖ్య 25 లక్షలకు చేరింది. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం వంటి తెలుగు గ్రామాలు తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపాయి. దూరదేశంలో ఉన్న ప్రతివాదికి చట్టం ఏ రక్షణ కల్పించింది, ఆ రక్షణను అందుకోవడంలో భార్యకు ఏ స్థానం ఇచ్చింది అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్మృతులలో యోధుడు, ప్రతినిధి

యుద్ధంలో ఉన్నవాడిని వ్యాజ్యంలోకి లాగరాదన్న భావన వలసపాలనతో వచ్చింది కాదు. ప్రతివాదిని కదలకుండా నిలిపివేసే చర్యను ధర్మశాస్త్రం 'ఆసేధం' అంటుంది. ఆసేధానికి లోనుకాని వారిని నారద స్మృతి వరుసగా పేర్కొంటుంది. రోగార్తుడు, యజ్ఞానికి పూనుకున్నవాడు, రాజకార్యంలో ఉన్నవాడు, విత్తనాలు చల్లే వేళ రైతు మొదలైన వారితో పాటు యుద్ధ సమయంలో ఆయుధజీవి కూడా అందులో ఉన్నాడు. ఇది రుణవిముక్తి కాదు, వాయిదా మాత్రమే. విత్తనాలు చల్లడం ముగిశాక రైతు సమాధానం చెప్పవలసినట్లే యుద్ధం ముగిశాక యోధుడూ చెప్పాలి.

భార్య విషయంలో స్మృతులు బాధ్యతను, ప్రాతినిధ్యాన్ని వేరు చేశాయి. కుటుంబం కోసం చేసినది కాకపోతే భర్త అప్పును భార్య తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఆమె తానుగా ఒప్పుకున్న అప్పు, భర్తతో కలిసి చేసిన అప్పు, స్వయంగా చేసిన అప్పు మాత్రం ఆమె తీర్చవలసినవే. కేతన 13వ శతాబ్దంలో 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చిన మితాక్షర ఈ యాజ్ఞవల్క్య స్మృతికే వ్యాఖ్య. ఇక ప్రాతినిధ్యానికి వస్తే, సోదరుడు, తండ్రి, కొడుకు, నియుక్తుడు కానివాడు ఇతరుల తరఫున వ్యవహారంలో మాట్లాడితే దండనార్హుడని నారదుడు విధించాడు. ఈ వరుసలో భార్య పేరు లేదు. ఆమె మాట్లాడాలంటే భర్త నియమించి ఉండాలి.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్

1908 కోడ్ ఈ చట్రాన్నే మరో రూపంలో కొనసాగించింది. ప్రతివాది దొరకనప్పుడు, సమన్లు అందుకునే అధికారం ఉన్న ఏజెంటు లేనప్పుడు, అతడితో కలిసి నివసిస్తున్న కుటుంబంలోని వయోజన పురుషుడికి వాటిని ఇవ్వవచ్చునని అయిదో ఆర్డరు 15వ నిబంధన మూలపాఠం. ఇంట్లో ఒంటరిగా ఉన్న భార్య చేతికి ఇచ్చిన సమన్లు ఈ నిబంధన కింద చెల్లవు. ప్రతివాది సైనికుడైతే సమన్లను అతడి కమాండింగ్ అధికారికి పంపాలని అదే ఆర్డరులోని 28వ నిబంధన నిర్దేశించింది. అయితే ప్రతివాది సైనికుడన్న సంగతి కోర్టుకు తెలిసినప్పుడే ఈ నిబంధన పనిచేస్తుంది. ఆ సంగతి బాగా తెలిసిన భార్యకు సమన్లు అందుకునే అర్హతే లేదు.

28వ ఆర్డరు భార్యకు ఒక దారి చూపింది. సెలవు దొరకని సైనికుడు తన బదులు దావా నడపడానికి ఎవరికైనా అధికారం ఇవ్వవచ్చు. ఆ పత్రం మీద అతడు కమాండింగ్ అధికారి సమక్షంలో సంతకం చేయాలి, అధికారి ప్రతిసంతకం చేయాలి, దానిని కోర్టులో దాఖలు చేయాలి. ఈ పత్రంతో భార్య స్వయంగా హాజరుకావచ్చు, వకీలును నియమించుకోవచ్చు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పతనమై వేలాది భారత సైనికులు జపాన్‌కు బందీలైనప్పుడు ఈ దారి కూడా మూసుకుపోయింది. శత్రువు శిబిరంలో ఉన్న సైనికుడు కోడ్ కోరిన విధంగా సంతకం చేసి పంపే వీలు లేదు.

1925 చట్టం: రక్షణ, వైరుధ్యం

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు శాసనాలను క్రోడీకరిస్తూ 1925లో నాలుగో చట్టంగా భారత సైనికుల వ్యాజ్య చట్టం వచ్చింది. ప్రతివాది ప్రత్యేక పరిస్థితులలో పనిచేస్తున్న సైనికుడని నమ్మడానికి కారణం ఉంటే వాది ఆ విషయాన్ని దావా పత్రంలో తెలపాలి. కలెక్టరు తనంతట తాను కోర్టుకు ధ్రువీకరణ పంపవచ్చు. హాజరుకాలేని సైనికుడికి ప్రతినిధి లేకపోతే కోర్టు విచారణను నిలిపి నిర్ణీత అధికారికి నోటీసు పంపాలి. వాయిదా అవసరమని ఆ అధికారి ధ్రువీకరిస్తే కోర్టు వాయిదా వేయాలి.

ఈ యంత్రాంగంలో వాది, కలెక్టరు, సైనికాధికారి, న్యాయమూర్తి ఉన్నారు, భార్య లేదు. తన భర్త సైన్యంలో ఉన్నాడని ఆమె గ్రామాధికారుల ద్వారా కలెక్టరుకు విన్నవించుకోవచ్చు. దానిపై చర్య తీసుకోవడం మాత్రం కలెక్టరు ఇష్టం.

అంతకంటే లోతైన వైరుధ్యం ఆరో సెక్షన్లో ఉంది. సైనికుడికి అధికారం పొందిన ప్రతినిధి లేనప్పుడే విచారణ నిలుస్తుంది. అంటే 28వ ఆర్డరు ప్రకారం భర్త నుంచి అధికార పత్రం తెప్పించుకొని శ్రద్ధగా హాజరైన భార్య, ఆ శ్రద్ధ వల్లనే ఆరో సెక్షన్ రక్షణను భర్తకు దూరం చేస్తుంది. సైనికుడి ప్రయోజనాలు మరో కక్షిదారు ప్రయోజనాలతో ఏకమై, ఆ కక్షిదారు వాటిని తగినట్లు వినిపిస్తుంటే విచారణ నిలపనక్కరలేదని ఆ సెక్షన్ మినహాయింపు కూడా ఇచ్చింది. ప్రోనోటు మీద భర్తతో పాటు సంతకం చేసిన భార్య దావాలో రెండో ప్రతివాది అయితే ఈ మినహాయింపు వర్తించే అవకాశం ఉంది.

సైనికుడు ప్రత్యేక పరిస్థితులలో ఉండగా వెలువడిన డిక్రీని రద్దు చేయాలని కోరే హక్కును పదో సెక్షన్ సైనికుడికి, అతడు మరణిస్తే న్యాయ వారసులకు ఇచ్చింది. భర్త బతికి దూరంగా ఉన్నంతకాలం భార్యకు తన పేరున ఆ దరఖాస్తు వేసే వీలు లేదు. వారసురాలైన వితంతువుగానే ఆమెకు ఆ హక్కు వస్తుంది.

జీతం, భూమి

జప్తు విషయంలో సైనికుడి జీతభత్యాలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. 1950 సైనిక చట్టం 28, 29 సెక్షన్లు జీతాన్ని జప్తు నుంచి, సైనికుడిని అప్పు కోసం అరెస్టు నుంచి కాపాడాయి. 32వ సెక్షన్ సైనికుల వ్యాజ్యాలకు విచారణలో ప్రాధాన్యం కల్పించింది. అయితే గ్రామంలోని పొలానికి ఈ రక్షణ లేదు. నెలనెలా ఇంటికి వచ్చే డబ్బు భద్రమే, ఆ ఇంటి వాళ్లు సాగుచేసే భూమి మాత్రం ఏకపక్ష డిక్రీకి అందుబాటులో ఉంది.

తులనాత్మకంగా చూస్తే, అమెరికాలో 1918 నాటి సైనికుల, నావికుల పౌర ఉపశమన చట్టం ప్రతివాది సైన్యంలో లేడని వాది ప్రమాణపత్రం ఇవ్వనిదే గైర్హాజరు తీర్పు పొందరాదన్న నియమం పెట్టింది. 1940లో తిరిగి చేసిన చట్టానికి 1942లో వచ్చిన సవరణ అద్దె, వాయిదాల కొనుగోలు, తనఖా వంటి విషయాలలో ఆధారపడినవారు స్వయంగా కోర్టును ఆశ్రయించే వీలు కల్పించింది. భార్యను చట్టంలో గుర్తించడం అసాధ్యమేమీ కాదని ఇది తెలుపుతుంది.

ముగింపు

1976 నాటి 104వ చట్టం అయిదో ఆర్డరు 15వ నిబంధనను సవరించి, స్త్రీ అయినా పురుషుడైనా కుటుంబంలోని ఏ వయోజన సభ్యుడికైనా సమన్లు ఇవ్వవచ్చునని చెప్పింది. 1908 తరువాత దాదాపు ఏడు దశాబ్దాలకు భార్య చేయి సమన్లు అందుకునే చేయి అయింది. ఈ మార్పుకు రెండు ముఖాలున్నాయి. భర్త తరఫున మాట్లాడే అధికారం కంటే ముందు, భర్తకు సమన్లు అందినట్లు లెక్కకట్టే బాధ్యత ఆమెకు దక్కింది. మాట్లాడటానికి ఇప్పటికీ 28వ ఆర్డరు పత్రం కావాలి. నారదుడి నియుక్తుడికి, ఈ పత్రం పొందిన ప్రతినిధికి మధ్య కాలం ఎంత గడిచినా సూత్రం ఒక్కటే. సైనికుడి గైర్హాజరును వ్యవహార ధర్మం మొదటి నుంచీ మన్నించింది. అతడి ఇంట్లో హాజరుగా ఉన్న భార్యను మాత్రం వార్త అందుకునే మనిషిగా గుర్తించిందే తప్ప, ఆ వార్తకు తన హక్కుగా బదులు చెప్పగల మనిషిగా పూర్తిగా గుర్తించలేదు. సైనిక కుటుంబాల చరిత్రను రాయబోయే పరిశోధకులు జిల్లా కోర్టుల డిక్రీ రిజిస్టర్లలో, కలెక్టరు కార్యాలయాల విన్నపాలలో వెతకవలసింది ఈ అంతరాన్నే.