నల్లమల రాళ్లూ, జీపు లో గేరూ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే రహదారి మీద ఏ బండైనా పరుగెత్తుతుంది. ఒక పక్క కుందూ నది చుట్టూ పరుచుకున్న నల్లరేగడి, మరో పక్క నల్లమల. ఆళ్లగడ్డ దగ్గర తూర్పుకు తిరిగితే దిగువ అహోబిలం దాకా, అక్కడి నుంచి మరో ఎనిమిది కిలోమీటర్లు ఎగువ అహోబిలం దాకా కూడా రోడ్డుంది. ఆ పైన పావన నరసింహస్వామి దర్శనానికి అడవిలోకి మళ్లామంటే సంగతి వేరు. స్థానికులు పాములేటి నరసింహుడని కొలిచే ఆ స్వామి దగ్గరకు ఎగువ అహోబిలం నుంచి ఆరేడు కిలోమీటర్లు నడవాలి, లేదా నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ జీపు ఎక్కాలి. ఆ దారిలో బండి ఎంత వేగంగా పోతుందని ఎవరూ అడగరు. ఇంజిన్ ఆగిపోకుండా ఎంత మెల్లగా పోగలదన్నదే అక్కడి లెక్క. ఆ లెక్కను మోటారు బండి నేర్చుకున్న తీరుకు ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ముందు రాళ్ల సంగతి చెప్పుకోవాలి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద నివేదిక 1872లో వెలువడింది. అందులో ఒక శిలాసముదాయానికి ఆయన నల్లమల పేరే పెట్టాడు. ఇక్కడ ప్రధానంగా ఉన్నవి క్వార్ట్‌జైట్, పలకరాయి. పలకరాయి పొరలుగా చిట్లి అరిగిపోతుంది. క్వార్ట్‌జైట్ అరగదు, పదునైన అంచులతో దిమ్మలుగా విరుగుతుంది. వానాకాలంలో వాగులు మట్టిని ఈడ్చుకుపోతే దారి మీద ఆ దిమ్మలు మిగులుతాయి. చక్రం ఒక్కో రాయినీ విడిగా ఎక్కి దిగాలి. ఊపు మీద ఎక్కిస్తే టైరు పక్క చీలుతుంది, లేదా ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ రాయికి కొట్టుకుంటుంది. మరీ నెమ్మదిస్తే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని హాఫ్ క్లచ్ మీద లాగిస్తే క్లచ్ ప్లేటు కాలిపోతుంది.

మోటారు రాకముందు ఈ కొండల్లో చెంచుల కాలిబాటలే దారులు. ఆత్మకూరు వైపు నుంచి పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే నడకదారిలో శివరాత్రికి, ఉగాదికి భక్తులు ఇప్పటికీ కాలినడకనే వెళతారు. పందొమ్మిదో శతాబ్దం చివర నంద్యాల నుంచి గిద్దలూరు వైపు మీటర్ గేజి రైలు వేసినప్పుడు బొగద దగ్గర కొండను తొలిచి సొరంగం చేశారు. రైలుకు ఏటవాలు పడదు కాబట్టి దాని కోసం కొండే మారాల్సి వచ్చింది. కొండను అలాగే ఉంచి బండిని మార్చుకునే ఉపాయం దొరకడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఆ ఉపాయం యుద్ధం పుణ్యాన వచ్చింది. 1940 జులైలో అమెరికా సైన్యం ఒక చిన్న ఫోర్ వీల్ బండి కావాలని 135 కంపెనీలకు పిలుపు పంపింది. అడిగిన లక్షణాల్లో గరిష్ఠ వేగంతో పాటు కనిష్ఠ వేగం కూడా ఉంది. గంటకు 3 మైళ్ల వేగంలోనూ బండి నిలకడగా నడవాలన్నారు. అంటే దాదాపు 5 కిలోమీటర్లు, నడిచే సిపాయి వేగం. బాంటం కంపెనీ 49 రోజుల్లో తొలి నమూనా తయారుచేసి ఇచ్చింది. చివరికి విల్లీస్ నమూనా గెలిచి 1941 నుంచి ఎంబీ పేరుతో వచ్చింది. ఫోర్డ్ కూడా అదే బండిని చేసింది. యుద్ధం ముగిసేసరికి రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి.

దాని ఇంజిన్ 60 హార్స్ పవర్. ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బలమంతా పళ్ల చక్రాల్లో ఉంది. గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేరు ఇంజిన్ వేగాన్ని 2.66 రెట్లు తగ్గిస్తుంది. దాని వెనక, ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు వేస్తే మరో 1.97 రెట్లు తగ్గుతుంది. ఇరుసు దగ్గర డిఫరెన్షియల్ 4.88 రెట్లు తగ్గిస్తుంది. మూడింటినీ గుణిస్తే సుమారు 25.6. ఇంజిన్ దాదాపు 26 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం ఎంత తగ్గిందో, రాపిడికి పోయింది పోగా లాగే బలం దాదాపు అంత పెరుగుతుంది. దీన్నే నేటి ఆఫ్‌రోడ్ వాళ్లు క్రాల్ రేషియో అంటారు. నిండు బస్తాల బండి వాగు దాటాలంటే ముందు ఇంకో జత ఎడ్లను కట్టేవారు. లో గేరు ఇచ్చేదీ ఆ అదనపు లాగుడే. అయితే దానికి వేరే ఎడ్లు అక్కర్లేదు, వేగాన్ని వదులుకుంటే చాలు. ఇంజిన్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుంటే, ఆ జీపు యాక్సిలరేటర్ తొక్కకుండానే గంటకు మూడున్నర కిలోమీటర్ల చిల్లర వేగంతో నడుస్తుంది.

డ్రైవరు పక్కన మూడు కడ్డీలు ఉండేవి. ఒకటి మామూలు గేరుకు, ఒకటి ముందు చక్రాలకు శక్తి కలపడానికి, ఇంకొకటి లో గేరుకు. ముందు చక్రాలు కలపకుండా లో గేరు పడదు. అంత బలమూ వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడితే అది విరిగిపోవచ్చు కనుక ఆ అడ్డు పెట్టారు. ఫస్ట్ గేరుకు పళ్ల వేగాలను సమం చేసే సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా వేద్దామంటే పళ్లు కరకరమంటాయి. అందుకని రాయి ముందు బండి ఆపి, దారి చూసి, గేరు వేసి అప్పుడు కదలాలి. మధ్యలో మనసు మార్చుకునే వీల్లేదు. కొండ డ్రైవర్ల నిదానంలో కొంత పాత గేర్‌బాక్స్ నేర్పిందే.

1945లో విల్లీస్ ఆ జీపునే రైతుల కోసం మార్చి సీజే-2ఏగా అమ్మింది. నాగలి లాగాలి, పొలం యంత్రాలు తిప్పాలి కాబట్టి తగ్గింపు ఇంకా పెంచారు. ఫస్ట్ గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు 2.43, డిఫరెన్షియల్ 5.38. మొత్తం 36 దాటింది. కనిష్ఠ వేగం గంటకు రెండున్నర కిలోమీటర్ల దగ్గరకు దిగింది. రాళ్ల దారికి పనికొచ్చే జీపు రూపుదిద్దుకున్నది ఇక్కడే. నాగలి కోసం పెట్టిన లో గేరు కొండకు అక్కరకొచ్చింది.

మన దేశానికి దాన్ని తెచ్చింది మహీంద్రా. 1945 అక్టోబరు 2న లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ, 1947లో 75 జీపులను విడిభాగాలుగా తెప్పించింది. 1948లో పేరు మార్చుకుంది. 1949లో బొంబాయి మజగావ్‌లో తొలి జీపు కూర్చింది. 1954 నుంచి విల్లీస్ సహకారంతో దశలవారీగా ఇక్కడే తయారీ మొదలైంది. దశాబ్దాల పాటు ఊళ్లలో కనిపించిన సీజే-3బీ ఆ వరసదే. దాని తగ్గింపు 37కు దగ్గర. తహసీల్దారు, పోలీసు, అటవీశాఖ, నీటిపారుదల ఇంజినీరు, అందరూ అందులోనే తిరిగారు.

పెట్రోలు ఖరీదు భారమయ్యాక 1970ల్లో డీజిల్ జీపులు వచ్చాయి. ట్రాక్టరు కోసం చేసిన ఇంటర్నేషనల్ ఇంజిన్‌నే మొదట వాడారు. 1979లో ఫ్రాన్సుకు చెందిన పెజో నుంచి డీజిల్ ఇంజిన్ లైసెన్సు తీసుకున్నారు. 1980ల్లో ఎంఎం540, 1990ల మొదట్లో కమాండర్ వచ్చాయి. రాళ్ల దారికి డీజిల్ చేసిన మేలు ఖర్చు తగ్గించడంతో ఆగలేదు. డీజిల్ ఇంజిన్ తక్కువ చుట్ల దగ్గరే లాగుతుంది. పంపులోని గవర్నర్ బరువు పడగానే తనంతట తాను ఇంధనం పెంచి ఇంజిన్‌ను నిలబెడుతుంది. లో గేరులో ఫస్ట్ వేసి కాళ్లు రెండూ తీసేసినా, రాయి ఎదురైతే బండి కాస్త గునిసి ఎక్కేస్తుంది.

సీమ సినిమాలు జీపును దుమ్ము లేపుతూ దూసుకొచ్చే బండిగా చూపించాయి. నిజానికి పల్లెల్లో అది జనాన్ని, బస్తాలను మోసిన సర్వీసు బండి. ఆ సర్వీసు జీపుల్లో చాలావాటికి ఫోర్ వీల్ లేదు, లో గేరూ లేదు. తారు రోడ్డుకు అవి అక్కర్లేదు కాబట్టి ఖర్చు తగ్గించారు. ఆటోలు, చిన్న వ్యాన్లు రాగానే అవి తెరమరుగయ్యాయి. ఫోర్ వీల్ ఉన్నవి మాత్రం వేరే బండి చేయలేని పనికి మిగిలాయి. పాములేటికి, శ్రీశైలం దగ్గరి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి భక్తులను చేరవేస్తున్నది అలాంటి బండ్లే.

ఈ దారుల్లో పనికొచ్చే నేర్పు చెప్పుకోవడానికి తేలిక, పట్టుబడడానికి కష్టం. ఎక్కే ముందే లో గేరు వేసుకోవాలి. క్లచ్ పూర్తిగా వదిలేయాలి, దాని మీద కాలు ఆనించకూడదు. రాయిని రెండు చక్రాల మధ్య పెట్టుకోకుండా చక్రం కిందికే తెచ్చుకోవాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బండిని పట్టి ఉంచాల్సింది ఇంజిన్. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని రాతి మీద జారతాయి. న్యూట్రల్ చేస్తే ఇక ఆపతరం కాదు. ఎక్కుతూ మధ్యలో ఇంజిన్ ఆగినా పాత జీపుల్లో ఒక దారి ఉంది. గేరు తీయకుండా, క్లచ్ తొక్కకుండా తాళం తిప్పితే స్టార్టర్ మోటారే బండిని ఒక్క అంగుళం ముందుకు లాగి ఇంజిన్ అందుకుంటుంది. వెనక్కి జారే ప్రమాదం ఉండదు. లో గేరులో తగ్గింపు అంత ఎక్కువ కాబట్టే ఇది సాధ్యం.

మన దగ్గర అవసరంగా సాగిన ఈ పని అమెరికాలో క్రీడ అయింది. కాలిఫోర్నియాలోని రూబికాన్ రాళ్ల దారిలో 1953 నుంచి ఏటా జీపుల జాతర జరుగుతోంది. ఆ దారి పేరే పెట్టి 2003 మోడల్‌గా జీప్ కంపెనీ తెచ్చిన బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్కటే నాలుగు రెట్లు తగ్గిస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌తో మొత్తం తగ్గింపు 60 దాటింది. గంటకు ఒకటిన్నర కిలోమీటర్ల చిల్లర వేగం! 25తో మొదలైన అంకె అరవై ఏళ్లలో రెండున్నర రెట్లయింది.

మన దేశంలో ఆ వారసత్వం 2010లో వచ్చిన థార్‌ది. 2020 అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్‌లో ఆరు గేర్ల మాన్యువల్‌తో పాటు ఆటోమేటిక్ కూడా ఇచ్చారు. 2023లో వచ్చిన మారుతి జిమ్నీలోనూ మాన్యువల్, ఆటోమేటిక్ రకాలు రెండూ ఉన్నాయి. ఆటోమేటిక్‌ను తక్కువ చేయనక్కర్లేదు. అందులోని టార్క్ కన్వర్టర్ తనూ కొంత బలం పెంచుతుంది, కాలే క్లచ్ ప్లేటు లేదు, రాయి మీద ఆగి మళ్లీ కదలడం కొత్తవారికి సులువు. దిగుడులో మాత్రం ఇంజిన్‌కూ చక్రానికీ నడుమ గట్టి బంధం ఉన్న మాన్యువల్‌దే పైచేయి. ఆటోమేటిక్ ఆ లోటును ఎలక్ట్రానిక్ సాయంతో పూడ్చుకుంటోంది. బాగు చేసుకోవడంలోనూ తేడా ఉంది. మాన్యువల్ గేర్‌బాక్స్ చిన్న ఊరి మెకానిక్ చేతికి లొంగుతుంది. ఆటోమేటిక్ పాడైతే పట్నం దాకా మోసుకుపోవాలి.

అసలు ఆలోచించాల్సింది మాన్యువలా, ఆటోమేటిక్కా అన్నది కాదు. 2023 జనవరి నుంచి థార్‌ను వెనక చక్రాలకే శక్తి అందే రకంలోనూ అమ్ముతున్నారు. దానిలో ట్రాన్స్‌ఫర్ కేసే లేదు, కాబట్టి లో గేరు లేదు. బయటికి చూస్తే రెండూ ఒకటే బండి. ఒకనాటి సర్వీసు జీపుల్లో జరిగిందే మళ్లీ జరుగుతోంది. రూపం మిగిలింది, గుణం ఖర్చులో పోయింది. కొనేవారికి అది తెలిసి కొంటే తప్పు లేదు. తెలియక అదే బండిని రాళ్ల మీదికి తెస్తే క్లచ్ వాసనతో తెలుస్తుంది.

అహోబిలం వచ్చేవారికి ఒక మాట. కొత్త బండి ఉంది కదా అని పాములేటి దారిలో సరదాకు దింపకండి. అది అడవి, క్రీడా మైదానం కాదు. ఆ దారి తెలిసిన జీపు ఎక్కండి, లేదా నడవండి. సొంత బండి కొనాలనుకుంటే మాత్రం షోరూంలో హార్స్ పవర్ ఎంతని అడిగే ముందు లో గేరు ఉందా అని అడగండి.