మేకు లేని పడవ

ప్రత్తిపాడు అనగానే ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి చేలు తలపునకు వచ్చును గాని పడవలు రావు. అయినను ఆ సీమకు తూర్పున కొమ్మమూరు కాలువ పారుచున్నది. అది పెదగంజాము వద్ద బకింగుహాము కాలువతో కలియును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట క్రమముగా ఏర్పడిన నీటిదారిన కాకినాడ మొదలు చెన్నపట్టణము వరకు సరకు పడవలు నడచినవి. పెదగంజామునకు చేరువనే సముద్రము కలదు. ఈ రెండు నీళ్లపై మనవారు పడవకు పరికరములను ఏ రీతిని కట్టుకొనిరో మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

తెడ్డు, తెరచాప, చుక్కాని, లంగరు నిలకడగా నున్నగాని పడవ సాగదు. కట్టు జారినచో అలల నడుమ పడవవాని ప్రాణమే జారును.

ఈ విద్య ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి గ్రీకు గ్రంథము ‘పెరిప్లస్’ ఈ తూర్పుతీరమున దుంగలను జతపరచి కట్టిన పెద్ద నావలను ‘సంగర’ అను పేర పేర్కొనినది. రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడినది. 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము, గాలివానకు తీరమున బడిన ఓడల సరకును పూర్వపు రాజులు హరించిరనియు, తాను సుంకము మాత్రమే గైకొందుననియు తెలుపుచున్నది. ఓడలు చెడుట ఎంత పరిపాటియో దీనివలన గ్రహింపవచ్చును.

రేవు లేని ఈ తీరమున అలలను దాటించినవి మసూలా పడవలు. వీటి పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, అతుకులలో పీచు గాని ఎండుగడ్డి గాని కూరెడివారు. లోపల గట్టి పక్కటెముకలు లేవు. ఇసుకను తాకినపుడు పడవ వంగి మరల సర్దుకొనెడిది. ఇట్టి పడవకు మేకుకట్టు పనికిరాదు. పలక కదలినకొలది మేకు వదులగును. ఉప్పునీట త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను సయితము చెరచును. త్రాటికట్టు పడవతోపాటు తానును కదలును. అరిగినచో ఒడ్డుననే మార్చుకొనవచ్చును.

కాలువ పడవల తీరు వేరు. నీరు నెమ్మదియైనది కనుక మేకులు దిగగొట్టిన పలకల పడవలే చాలినవి. గాలి లేనపుడు మనుష్యులు మోకును భుజమున వేసికొని గట్టువెంట లాగెడివారు. ఆ మోకును పడవ ముక్కునకు కట్టినచో ముక్కు గట్టువైపు తిరుగును. కొంత వెనుకనున్న కొయ్యకు ఎత్తుగా కట్టినచో పడవ చుక్కానికి లొంగును. మోకు పొదలకు తగులదు.

సముద్రమునగాని కాలువనగాని సూత్ర మొక్కటియే. బరువును పలుచని పలకపై మోపరాదు. అడ్డపట్టెకో దృఢమైన కొయ్యకో అప్పగింపవలెను. నేడు చిన్న కొయ్యపడవకు క్రొత్తగా ఒక కట్టుచోటు అమర్చదలచినవారికిని ఇదియే మార్గము. పలకకు రంధ్రము చేయక తప్పనిచో లోపలివైపున మందపు చెక్క నొకదానిని ఊతగా నిలిపి, రంధ్రపు అంచులను నునుపు చేయవలెను. లేనిచో త్రాడు కోసికొనిపోవును.

కాలువపై ఆ రాకపోకలు అంతరించినవి. తీరమున ఫైబరు పడవలు వచ్చినవి. ఏ ముడి ఎక్కడ వేయవలెనో ఎరిగిన వృద్ధులు మన పల్లెలలో ఉన్నంతలోనే వారి నేర్పును అడిగి వ్రాసియుంచుట మన విధి.