ఆకాశము ఎదుట తన్ను తగ్గించుకొన్న విశ్వాసి



ఇంటర్, డిగ్రీ చదివే బిడ్డలున్న తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: "అయ్యగారూ, సైన్సు చదివితే పిల్లోడు దేవుణ్ణి విడిచిపెడతాడేమో?" బిడ్డలు ఇంకోలా అడుగుతారు: "ఆదికాండము నమ్మితే క్లాసులో చెప్పింది నమ్మకూడదా?" కసిరి కూర్చోబెడితే బిడ్డ నోరు మూతపడుతుంది గాని ప్రశ్న పోదు. కాబట్టి ఈ వారం చరిత్రలో ఒక విశ్వాసిని చూద్దాం. ఆయన పేరు యోహాన్ కెప్లర్.

కెప్లర్ 1571లో జర్మనీ ప్రాంతంలో ఒక లూథరన్ కుటుంబంలో పుట్టాడు. దైవసేవకుడు కావాలని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివాడు. చదువు ముగియకముందే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణానికి లెక్కల మాస్టారుగా పంపారు. సేవ చేయాలన్న ఆశ పోయిందని మొదట బాధపడ్డాడు. తరువాతి ఏడాది గురువుకు రాసిన ఉత్తరంలో మాత్రం, నక్షత్రాలను గూర్చిన చదువు ద్వారా కూడా దేవునికి మహిమ కలుగుతోందని సంతోషించాడు.

ఆ విశ్వాసానికి పరీక్ష త్వరలోనే వచ్చింది. 1600లో గ్రాట్స్‌లోని ప్రొటెస్టంట్లు మతం మార్చుకోవాలి, లేదా ఊరు విడిచిపోవాలి అని అధికారులు ఆజ్ఞాపించారు. కెప్లర్ ఉద్యోగం వదులుకొని కుటుంబంతో ప్రాగ్ నగరానికి వెళ్ళిపోయాడు.

అక్కడ టైకో బ్రాహీ అనే గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుని దగ్గర పనికి కుదిరాడు. అప్పటికి టెలిస్కోపు రాలేదు. టైకో కంటితోనే, పెద్ద పెద్ద పరికరాలతో గ్రహాల స్థానాలను ఏళ్ల తరబడి కొలిచి రాసిపెట్టాడు. 1601లో టైకో చనిపోయాక ఆ లెక్కలు కెప్లర్ చేతికొచ్చాయి. అంగారకుడు ఏ దారిలో తిరుగుతున్నాడో తేల్చడం ఆయన పని.

గ్రీకుల కాలం నుండి సుమారు 2000 ఏళ్లుగా పండితులందరిదీ ఒకటే మాట: ఆకాశంలోనివి వృత్తాల్లోనే తిరగాలి, ఎందుకంటే వృత్తమే పరిపూర్ణ ఆకారం. కెప్లర్ కూడా అలాగే మొదలుపెట్టాడు. ఎంతో శ్రమపడి వేసిన లెక్క టైకో కొలతలతో దాదాపు సరిపోయింది. ఒకచోట మాత్రం తేడా వచ్చింది. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో 8 భాగాలు. నిండు చంద్రుని వెడల్పులో నాలుగో వంతు అనుకోండి.

ఇంకొకరైతే "అంత చిన్న తేడా ఎవరు చూస్తారు" అని వదిలేసేవారు. కెప్లర్ వదలలేదు. ఇంత జాగ్రత్తగా కొలిచే మనిషిని దేవుడే మనకు దయచేశాడు గనుక ఆ వరాన్ని కృతజ్ఞతతో వాడుకోవాలని రాశాడు. తన లెక్కనే కొట్టివేసి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరకు అంగారకుని దారి వృత్తం కాదు, దీర్ఘవృత్తం అని తేలింది. 1609లో ఆ సంగతి పుస్తకంగా అచ్చయింది. ఈనాడు మన శ్రీహరికోట నుండి ఎగిరే ఉపగ్రహాల దారిని లెక్కకట్టేది ఆ నియమాలతోనే.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఏమిటి? సృష్టికర్త ఉన్నాడని నమ్మినవాడు, సృష్టి ఎలా ఉండాలో తానే నిర్ణయించడు. దేవుడు ఎలా చేశాడో వెళ్ళి చూస్తాడు. కెప్లర్ విశ్వాసం ఆయనకు లెక్కలు చెప్పలేదు, లెక్క ఎదుట నిజాయితీగా నిలబడే మనసు ఇచ్చింది. ఆకాశాన్ని కొలిచినవారు క్రైస్తవులే అని మేము చెప్పడం లేదు. మన దేశంలో ఆర్యభటుడు, అరబ్బు పండితులు అంతకుముందే కొలిచారు. విశ్వాసం ఆ పనికి అడ్డు కాదని మాత్రమే చెబుతున్నాం.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. దేవుడు గ్రహాల మధ్య దూరాలను ఐదు ఘనాకారాల ప్రకారం అమర్చాడని కెప్లర్ 1596లో ఒక పుస్తకం రాశాడు. ఆ ఆలోచన ఆయనకు ప్రాణం. కాని అది నిలవలేదు. భక్తుని ఊహ కూడా ఊహే. కాబట్టి మన ఊహలను వాక్యానికి ముడిపెట్టి, "ఇది నమ్మకపోతే దేవుణ్ణి నమ్మనట్టే" అని బిడ్డలతో అనకూడదు. ఊహ కూలిననాడు బిడ్డ విశ్వాసం కూడా దానితో కూలుతుంది.

మరి యెహోషువ 10లో సూర్యుడు నిలిచాడని ఉంది కదా అంటారు. కెప్లర్ దానికీ జవాబిచ్చాడు: లేఖనం మనుషుల వాడుక మాటలో మాట్లాడుతుంది అని. మనమూ పొద్దు పొడిచింది, పొద్దు గుంకింది అంటాం. అబద్ధమాడుతున్నామా? లేదు కదా.

ప్రియులారా, మీ బిడ్డ ఒక ప్రశ్న తెస్తే భయపడకండి. "బాగా చదువు నాయనా, నిజం ఎక్కడ దొరికినా అది మన తండ్రిదే" అని చెప్పండి. 19వ కీర్తన చదివించండి, లెక్కల పుస్తకమూ చదివించండి.

ప్రార్థన: ఆకాశమును భూమిని కలుగజేసిన తండ్రీ, మా ఊహలను నీ మాటగా చెప్పకుండా మమ్మును కాపాడుము. మా బిడ్డలకు నిజాయితీగల మనసును, నీయందు భయభక్తులను దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.