ఫార్ములా వన్ సీటులో కుటుంబం వాటా: భారతీయ డ్రైవర్ల నేపథ్యంలో ఒక పరిశీలన

2010 మార్చిలో బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ సీజన్ మొదలైనప్పుడు, హిస్పానియా అనే కొత్త స్పెయిన్ జట్టు ఇద్దరు కొత్త డ్రైవర్లను బరిలోకి దింపింది. ఒకరు బ్రూనో సెన్నా. మూడుసార్లు ప్రపంచ విజేత ఐర్టన్ సెన్నాకు మేనల్లుడు. రెండోవారు చెన్నైకి చెందిన కరుణ్ చాంధోక్. ఆయన తండ్రి విక్కీ చాంధోక్ ర్యాలీ డ్రైవర్, దేశంలో మోటారు క్రీడలను నడిపించే సమాఖ్యకు అధ్యక్షుడిగా పనిచేసిన వ్యక్తి. తాత ఇందు చాంధోక్ 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ను స్థాపించినవారిలో ఒకరు. రేసింగ్ వంశాల లెక్కన చూస్తే ఆ జట్టుకు లోటు లేదు. లోటంతా కారులోనే. కరుణ్ కారు బిగింపు ఆఖరి గంట వరకూ సాగింది. ప్రాక్టీసు అనేదే లేకుండా శనివారం క్వాలిఫయింగ్‌లో ఆయన ఆ కారును మొదటిసారి ట్రాక్ మీదికి తెచ్చాడు. ఆదివారం రేసు మొదలైన కాసేపటికే ప్రమాదంతో తప్పుకున్నాడు. ఆ ఏడాదంతా హిస్పానియాకు ఒక్క పాయింటూ రాలేదు.

రేసింగ్‌లో బంధుప్రీతి మీద మనం తరచూ వినే ఫిర్యాదుకు ఈ ఉదాహరణ సరిగ్గా ఒదగదు. పెద్ద ఇంటి పిల్లలకు మంచి కార్లు దక్కుతాయన్నది ఆ ఫిర్యాదు. ఇక్కడ పెద్ద ఇంటి పిల్లలిద్దరికీ దక్కింది గ్రిడ్‌లో అందరికంటే వెనకబడిన కారు. దీనికి ఎదురు నిలిచే వాదన కూడా ఒకటుంది. సినిమాలో వారసుడిని ప్రేక్షకుడి అభిమానం మోయవచ్చు గాని, రేసులో స్టాప్‌వాచ్ ఎవరి కొడుకునూ గుర్తుపట్టదని, కాబట్టి ఇక్కడ బంధుప్రీతికి చోటే లేదని ఆ వాదన. ఈ రెండూ ఒకే చోట పొరబడుతున్నాయని నా అభిప్రాయం. రెండూ ఫార్ములా వన్ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఎవరు వస్తున్నారో చూస్తున్నాయి. కుటుంబం తన పని చేసేది అక్కడ కాదు. అంతకు పది, పన్నెండేళ్ల ముందు, కార్టింగ్ ట్రాక్ దగ్గర.

అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్తలు పీటర్ గ్రూథైస్, జానా గ్రూథైస్ 2008లో నాస్కార్ అనే అమెరికన్ కార్ రేసుల డ్రైవర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కుటుంబం నుంచి కొడుక్కి ఏమేం సంక్రమించవచ్చు? విద్య, పేరు, పక్షపాతం. ఈ మూడింటిని వేరుచేసి చూడాలన్నది వారి ప్రయత్నం. నాస్కార్ దానికి తగిన క్షేత్రమే. లీ పెట్టీ నుంచి ఆడమ్ పెట్టీ దాకా నాలుగు తరాలు, రాల్ఫ్ నుంచి డేల్ మీదుగా డేల్ జూనియర్ దాకా మూడు తరాల ఎర్న్‌హార్ట్‌లు అక్కడ పోటీపడ్డారు. ఒకే స్థాయి ఫలితాలు చూపిన డ్రైవర్లను పోల్చినప్పుడు, తండ్రి కూడా డ్రైవరే అయినంత మాత్రాన కొడుకు ఎక్కువ కాలం కొనసాగలేదని వారు తేల్చారు. పక్షపాతం ఉంటే, అంతంతమాత్రంగా నడిపే కొడుకులు కూడా సీటు పట్టుకుని వేలాడుతూ కనబడాలి. అలా కనబడలేదు. ఈ ఫలితం విలువైనదే, కానీ దాని హద్దు మరవకూడదు. అది లోపలికి చేరినవారి మధ్య జరిగిన పోలిక. డబ్బు చాలక పన్నెండో ఏట కార్టింగ్ మానేసిన కుర్రవాడు ఆ పట్టికలో ఏ వరుసలోనూ ఉండడు.

పేరు, డబ్బు ఏ మేరకు పనిచేస్తాయో పక్కపక్కన పెట్టి చూడాలంటే 2021 నాటి హాస్ జట్టును మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆ ఏడాది జట్టులో ఉన్నది మిక్ షూమాకర్, నికితా మాజెపిన్. మిక్ తండ్రి ఏడుసార్లు ప్రపంచ విజేత. నికితా తండ్రి ద్మిత్రీ మాజెపిన్ రష్యన్ ఎరువుల వ్యాపారి. ఆయన కంపెనీ ఉరల్‌కాలి జట్టుకు ప్రధాన స్పాన్సర్. మిక్ ఊరికే వచ్చినవాడు కాదు, 2018లో యూరోపియన్ ఫార్ములా త్రీ, 2020లో ఫార్ములా టూ గెలిచి వచ్చాడు. చిన్నప్పుడు తండ్రి పేరు బరువు తప్పించుకోవడానికి తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని మిక్ బెట్ష్‌గా కార్టింగ్ చేశాడు. ఇద్దరిదీ ఒకే కారు. క్వాలిఫయింగ్‌లో దాదాపు ప్రతిసారీ మిక్ ముందున్నాడు. అయినా ఇద్దరి సీట్లూ ఏడాదంతా సమానంగా భద్రం. రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేశాక, 2022 మార్చిలో జట్టు ఉరల్‌కాలితో తెగతెంపులు చేసుకుంది. అదే ప్రకటనతో నికితా సీటూ పోయింది. సీటు డబ్బుకు అతుక్కుని ఉందన్న సంగతికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మిక్ విషయం వేరు. 2022లో కొత్త సహచరుడు కెవిన్ మాగ్నుసెన్‌కు 25 పాయింట్లు వస్తే మిక్‌కు 12 వచ్చాయి. ఏడాది చివర సీటు పోయింది. షూమాకర్ అనే పేరు తలుపు తెరిపించగలిగింది. లోపల కూర్చోబెట్టి ఉంచలేకపోయింది. (మాగ్నుసెన్ కూడా ఫార్ములా వన్ డ్రైవర్ కొడుకే. ఈ క్రీడలో పోలికకు నిలబెట్టే వ్యక్తి కూడా చాలాసార్లు మరో వారసుడే అవుతాడు.)

పేరు ఒక్కటే మిగిలిన సందర్భం ఇంకా కఠినం. గ్రాహం హిల్ 1962, 1968లలో ప్రపంచ విజేత. 1975లో తాను నడుపుతున్న విమానం కూలి మరణించాడు. ఆ తర్వాత కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. కొడుకు డేమన్ లండన్ వీధుల్లో మోటారుసైకిల్ మీద పార్సిళ్లు చేరవేస్తూ రేసింగ్ ఖర్చులు రాబట్టుకున్నాడు. ఫార్ములా వన్‌కు చేరేసరికి ముప్పై దాటాయి. 1996లో ఛాంపియన్ అయ్యాడు. తండ్రీకొడుకులిద్దరూ ఆ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. ఇరవై ఏళ్ల తర్వాత నికో రోస్‌బర్గ్ గెలిచి, తండ్రి కేకే సరసన నిలిచాడు.

విద్య సంక్రమించడమన్నది పేరు, డబ్బు రెండింటికంటే లోతైన విషయం. యోస్ వెర్‌స్టాపెన్ ఫార్ములా వన్‌లో గొప్ప డ్రైవర్ కాడు. 1994లో బెనెటన్ జట్టులో రెండు పోడియాలు, అంతే. కోటీశ్వరుల వరసలో నిలిచే ధనికుడూ కాడు. కానీ కొడుకు మాక్స్ కార్టింగ్ రోజుల్లో ఇంజిన్లు స్వయంగా సిద్ధం చేసేవాడు, కార్టును వ్యాన్‌లో వేసుకుని యూరప్ అంతా తిప్పేవాడు. చేనేత ఇంట్లో పుట్టిన పిల్ల మగ్గం చప్పుడు వింటూనే పోగు బిగువు పోల్చుకున్నట్టు, వాన పడిన ట్రాక్‌లో రబ్బరు పట్టు ఎక్కడ దొరుకుతుందో, బ్రేకు ఎంత ఆలస్యంగా వేయవచ్చో ఆ కుర్రవాడికి బడి పాఠాలకంటే ముందే ఒంటపట్టింది. 2015లో మెల్‌బోర్న్‌లో తొలి రేసు నాటికి మాక్స్ వయసు పదిహేడేళ్లు, మరో 166 రోజులు. మరుసటి ఏడాది స్పెయిన్‌లో గెలిచాడు. అతని రాకతో అంతర్జాతీయ సమాఖ్య ఉలిక్కిపడి, ఫార్ములా వన్ నడపడానికి కావలసిన సూపర్ లైసెన్స్‌కు 18 ఏళ్ల కనీస వయసు, కింది స్థాయి పోటీల్లో 40 పాయింట్లు తప్పనిసరి చేసింది. ఈ నిబంధన మేలే చేసింది గాని, అది నికితా మాజెపిన్‌ను కూడా ఆపలేదు. కింది స్థాయిలో మంచి జట్టుతో నాలుగేళ్లు నడపగల స్తోమత ఉన్నవారికి 40 పాయింట్లు అందనంత ఎత్తేమీ కావు.

మాక్స్ కథను అందరూ తండ్రి కథగానే చెబుతారు. తల్లి సోఫీ కుంపెన్ బెల్జియం తరఫున కార్టింగ్‌లో అంతర్జాతీయ స్థాయిలో పోటీపడి, 1995లో ఇటలీలోని ఆండ్రియా మార్గుత్తి ట్రోఫీ గెలిచింది. తర్వాత ఫార్ములా వన్‌కు వెళ్లిన కుర్రవాళ్లు కొందరు ఆమెతో తలపడినవారే. పెళ్లి, పిల్లలు రావడంతో ఆమె రేసింగ్ ఆగిపోయింది. వారసత్వం గురించి రాసేవాళ్లు తల్లి వైపు నుంచి వచ్చిన విద్యను లెక్కలో వేయకపోవడం ఈ రంగంలోని పరిశోధనల్లో పెద్ద ఖాళీ అని నేను భావిస్తున్నాను.

ఇక డబ్బు. దీనికి మన దేశంతోనే ముడి ఉంది. విజయ్ మాల్యా సహయజమానిగా ఉన్న ఫోర్స్ ఇండియా జట్టు 2018 వేసవిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కెనడాకు చెందిన ఫ్యాషన్ వ్యాపారి లారెన్స్ స్ట్రోల్ మరికొందరితో కలిసి దాన్ని కొని, నాలుగు వందలకు పైగా ఉద్యోగాలు నిలబెట్టాడు. మరుసటి ఏడాది ఆయన కొడుకు లాన్స్ విలియమ్స్ జట్టు విడిచి అక్కడికి వచ్చాడు. ఖాళీ చేసింది ఎస్తెబాన్ ఓకాన్. అతని తండ్రి మెకానిక్. కొడుకు కార్టింగ్ కోసం ఇల్లు అమ్మేసి కుటుంబమంతా కారవాన్‌లో కాపురం ఉన్న రోజులున్నాయి. 2019 అంతా ఓకాన్ మెర్సిడెస్‌లో రిజర్వ్ డ్రైవర్‌గా పక్కన కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత హంగరీలో గ్రాండ్ ప్రి గెలిచాడు. లాన్స్‌ను ఏమీ చేతగానివాడని తీసిపారేయడం అన్యాయం. 2017లో బాకూలో పద్దెనిమిదేళ్లకే పోడియం ఎక్కాడు, 2020లో తడి ట్రాక్ మీద టర్కీలో పోల్ సాధించాడు. కానీ డ్రైవర్‌ను కొలవడానికి ఈ క్రీడలో నమ్మదగిన కొలబద్ద ఒక్కటే, అదే కారు నడిపే సహచరుడు. 2023లో, అప్పటికి ఆస్టన్ మార్టిన్‌గా పేరు మారిన అదే జట్టులో ఫెర్నాండో అలోన్సోకు 206 పాయింట్లు, లాన్స్‌కు 74. మరే జట్టులోనైనా ఇంత తేడా వస్తే డ్రైవర్ భవిష్యత్తు మీద చర్చ మొదలవుతుంది. యజమాని తండ్రి అయినచోట ఆ చర్చకు తావు లేదు. బంధుప్రీతి అనే మాటను నేను ఇక్కడ మాత్రం నిస్సంకోచంగా వాడతాను.

ఇప్పటిదాకా ఫార్ములా వన్‌లో నడిపిన భారతీయులు ఇద్దరే. 2005లో జోర్డాన్ జట్టుతో మొదలైన నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్. ఇద్దరూ తమిళనాడు వారే, ఇద్దరూ రేసింగ్ కుటుంబాల వారే. ఇది యాదృచ్ఛికం కాదు, అలాగని పక్షపాతమూ కాదు. కోయంబత్తూరులో నారాయణ్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని పలుమార్లు గెలిచిన వ్యక్తి. బంధువు కరివర్ధన్ మిల్లుల యజమానుల కుటుంబంలో పుట్టి, మారుతి ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కార్లు సొంతంగా తయారుచేయించాడు. దేశంలో కుర్రాళ్లకు అందుబాటు ధరలో ఫార్ములా కారు దొరికింది ఆ వర్క్‌షాపు పుణ్యమే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాక, కోయంబత్తూరులోని రేస్ ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు. చెన్నైలో అదే పని మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ చేసింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు చోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాల పాటు రేసులు నడిపి, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది.

ఇక్కడ వరస గమనించాలి. యూరప్‌లో కార్టింగ్ క్లబ్బులు, తయారీదార్లు, జూనియర్ జట్లు ముందునుంచీ ఉన్నాయి. కుటుంబం వాటిలోకి పిల్లవాడిని ప్రవేశపెడుతుంది. మన దగ్గర ఆ వ్యవస్థను కుటుంబాలే తమ చేతులతో కట్టాయి. ట్రాక్ వేసినవాళ్లు, కార్లు తయారుచేసినవాళ్లు, పోటీలు నిర్వహించినవాళ్లు, నిబంధనలు రాసినవాళ్లు ఒకరికొకరు తెలిసిన కొద్దిమందే. వాళ్ల పిల్లలు మొదట గమ్యం చేరారంటే, ఆ దారి వేసింది వాళ్లే గనక. అయితే ఒకే ఇంట్లో క్రీడా సమాఖ్య అధ్యక్షుడు, పోటీదారు ఇద్దరూ ఉండే పరిస్థితి ఆరోగ్యకరం కాదు. ఎవరూ తప్పు చేయకపోయినా, బయటినుంచి వచ్చే కుర్రవాడికి ఆ ఇల్లు దాటరాని గోడలాగే కనబడుతుంది.

ఆ గోడకు గేటు పెట్టే ప్రయత్నం ఒకటి 2011లో జరిగింది. వంద కోట్ల మందిలో ఒకరిని వెతుకుతామంటూ ఫోర్స్ ఇండియా దేశమంతా కార్టింగ్ పోటీలు పెట్టింది. ఎంపికైన ముగ్గురిలో బెంగళూరుకు చెందిన అర్జున్ మైనీ, ముంబైకి చెందిన జెహాన్ దారువాలా ఉన్నారు. అర్జున్ తండ్రి గౌతమ్ మైనీ పారిశ్రామికవేత్త, మాజీ రేసర్. జెహాన్ తండ్రి కూడా పెద్ద వ్యాపారవేత్తే. ఇద్దరూ నిజంగా ప్రతిభ ఉన్నవారు. జెహాన్ తర్వాత ఫార్ములా టూలో రేసులు గెలిచాడు. పోటీ అందరికీ తెరిచే ఉంది, నిర్ణయం స్టాప్‌వాచ్‌దే. అయినా ఫలితం సంపన్న కుటుంబాల వైపే మొగ్గింది. ఏ ఇంట్లో పిల్లలను వారాంతంలో కార్టింగ్ ట్రాక్‌కు తీసుకెళ్లగల వీలుందో ఆ ఇళ్లనుంచే వేగంగా నడిపేవాళ్లు వస్తారు. మొదటి వడపోత పోటీ ప్రకటనకంటే ముందే ఇంటి దగ్గర అయిపోయింది.

తెలుగు రాష్ట్రాలకు చోళవరం లాంటి చరిత్ర లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈ రేసు జరిగి, ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వేర్న్ గెలిచాడు. మహీంద్రా జట్టు సొంత గడ్డమీద పోటీపడింది. ఆ కార్లు నడిపింది బ్రెజిల్‌కు చెందిన లూకాస్ ది గ్రాసీ, ఇంగ్లండ్‌కు చెందిన ఆలివర్ రోలండ్. గ్రిడ్ మొత్తంలో భారతీయ డ్రైవర్ ఒక్కరూ లేరు. 2024 రేసు రద్దయింది. కోట్లు పోసి ఒకరోజు రేసు తేవడం ఒక పని, పదేళ్ల పిల్లలకు ఏడాది పొడవునా కార్టు, టైర్లు, మెకానిక్ సమకూర్చడం మరొక పని. రెండోదానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మొదటిదానితో రెండోది దానంతటదే వస్తుందని మన ప్రభుత్వాలు అనుకున్నట్టుంది.

బయటినుంచి వచ్చినవాడికి ఉదాహరణగా అందరూ లూయిస్ హామిల్టన్ పేరు చెబుతారు. అక్కడ కూడా కుటుంబం ఉంది. తండ్రి ఆంథనీ ఒకటికి మించి ఉద్యోగాలు చేసి కార్టు కొన్నాడు, తానే మెకానిక్‌గా నిలిచాడు, కొడుకు ఛాంపియన్ అయ్యాక కూడా 2010 దాకా మేనేజర్‌గా కొనసాగాడు. కానీ ఆయన శ్రమ ఒక్కటే సరిపోయేది కాదు. 1998లో, లూయిస్‌కు పదమూడేళ్లప్పుడు, మెక్‌లారెన్ అతన్ని తన డ్రైవర్ శిక్షణ పథకంలో చేర్చుకుని, అక్కడినుంచి పైమెట్లకు అండగా నిలిచింది. సరిగ్గా ఆ వయసులోనే అత్యధికులు డబ్బు లేక మానేస్తారు. భారతీయ డ్రైవర్ల విషయంలో ఆ వయసుకు ఆ పని చేసే సంస్థ దాదాపు లేదు. నారాయణ్‌కు టాటాల మద్దతు కీలకమైంది గాని, అది అతను పెద్ద స్థాయికి చేరాక లభించిన అండ. 2012 సీజన్‌తో నారాయణ్ ఫార్ములా వన్ రేసులు ముగిశాయి. ఆ తర్వాత ఆ గ్రిడ్ మీద భారతీయుడు నిలబడలేదు. 2025లో మొనాకోలో ఫార్ములా టూ స్ప్రింట్ రేసు గెలిచి ఆ గుమ్మానికి దగ్గరగా వచ్చిన కుర్రవాడు కుష్ మైనీ, అర్జున్‌కు తమ్ముడు.