చేపల చెరువులో ఆక్సిజన్: ఏరేటరు ఎప్పుడు వేయాలి, ఎక్కడ పెట్టాలి

మండవల్లి, కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి మండలాల్లో ఆక్సిజన్ చాలక చేపలు చనిపోవడం చాలావరకు తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల మధ్యే జరుగుతుంది. సాయంత్రం సంచుల దగ్గర మేత బాగా తిన్న చేపే తెల్లారేసరికి గట్టు వెంట తేలుతుంది. ఏరేటర్లు ఉన్న చెరువుల్లోనూ ఇది జరుగుతోంది. చాలామంది ఏరేటరు ఆలస్యంగా వేస్తున్నారు, లేదా అవసరం లేని వేళ వేసి కరెంటు వృథా చేస్తున్నారు.

చెరువులో ఆక్సిజన్‌ను ఎక్కువగా తయారుచేసేది ఎండ, నీటిలోని పచ్చటి ప్లాంక్టన్. మధ్యాహ్నం 3 గంటలకు పచ్చగా ఉన్న చెరువులో ఆక్సిజన్ 12 పీపీఎం దాటవచ్చు. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్, చేపలు, అడుగు బురద అన్నీ దాన్ని వాడుకోవడమే గాని చేసేది లేదు. కోడిపెంట, డీఓబీ, చెక్క ఎక్కువైన కొద్దీ రాత్రి ఖర్చు పెరుగుతుంది. ఒక కిలో మేత చెరువులో పూర్తిగా కరిగిపోవడానికి సుమారు ఒక కిలో ఆక్సిజన్ కావాలి. అందుకే ముసురు పట్టిన రోజు మేత సగానికి తగ్గించమని, చేప తేలితే పూర్తిగా ఆపమని చెబుతాం. ఒకటి రెండు రోజులు మేత ఆపితే చేప బరువు తగ్గిపోదు.

రాగండి, శీలావతి, బొచ్చెలకు 5 పీపీఎం ఉంటే మేలు. 3 కంటే తగ్గితే మేత మానేస్తాయి, రోగాలు తొందరగా పడతాయి. 1 కంటే తగ్గి కొన్ని గంటలు ఉంటే చనిపోతాయి. ఫంగాషియస్ పైకొచ్చి గాలి మింగి తట్టుకోగలదు, కాబట్టి ఆ చేప పైకి రావడాన్ని బట్టి చెరువు స్థితిని అంచనా వేయకండి. బొచ్చె మూతి పైకెత్తి గుటకలు వేస్తుంటే మాత్రం అప్పటికే ఆలస్యమైనట్టు.

రాత్రి రెండుసార్లు కొలిస్తే తెల్లవారుజాము తెలుస్తుంది

మీటరు గాని, మందు చుక్కలతో కొలిచే కిట్ గాని మీ దగ్గర ఉండాలి. పదెకరాల చెరువు పెట్టే రైతుకు అది పెద్ద ఖర్చు కాదు, ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది. రాత్రి 7 గంటలకు ఒకసారి, 10 గంటలకు ఒకసారి, ఒకే చోట, రెండు మూడు అడుగుల లోతులో కొలవండి.

ఉదాహరణకు 7 గంటలకు 8.0, 10 గంటలకు 6.2 వచ్చిందనుకుందాం. మూడు గంటల్లో 1.8 తగ్గింది, అంటే గంటకు 0.6. ఇదే లెక్కన ఉదయం 5 గంటలకు 2.0 మాత్రమే మిగులుతుంది. ఇక 4 పీపీఎంకు ఎప్పుడు దిగుతుందో చూడండి: 6.2 నుంచి 4 వరకు 2.2 తగ్గాలి, దానికి మూడు గంటల నలభై నిమిషాలు పడుతుంది. రాత్రి ఒకటిన్నరకు ఏరేటరు వేయాలి. పొద్దు పొడిచి ఎండ తగిలాక, 7 గంటల ప్రాంతంలో ఆపవచ్చు.

సాయంత్రం నుంచే వేస్తే ఏం నష్టం అని అడుగుతారు. 30 డిగ్రీల వేడిలో నీరు గాలి నుంచి పట్టుకోగలిగింది 7.5 పీపీఎం. చెరువులో 8 ఉండగా ఏరేటరు తిప్పితే ఆక్సిజన్ లోపలికి రాదు, ఉన్నదే బయటికి పోతుంది. 6 పీపీఎం ఉన్నప్పుడు ఎక్కేదానికి మూడు రెట్లు 3 పీపీఎం ఉన్నప్పుడు ఎక్కుతుంది, కరెంటు మాత్రం రెండింటికీ ఒకటే. 2 హెచ్‌పీ ఏరేటరు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తింటుంది. నాలుగు ఏరేటర్లు రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు తిరిగితే 60 యూనిట్లు, ఒకటిన్నర నుంచి 7 వరకైతే 33.

మిట్టమధ్యాహ్నం ఒక గంట తిప్పి పైనీటిని అడుగు నీటితో కలపడం మంచిదే. కానీ అడుగున నల్లబురద పేరుకుని కుళ్ళు వాసన వస్తున్న చెరువులో ఆ పని చేయకండి.

ఏరేటర్లు దూరదూరంగా పెట్టవద్దు

ఐదడుగుల లోతున్న ఎకరం చెరువులో 60 లక్షల లీటర్లకు పైగా నీరు ఉంటుంది. ఒక్క పీపీఎం పెంచడానికి 6 కిలోల ఆక్సిజన్ కావాలి. మంచి 2 హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరేటరు తెల్లవారుజామున గంటకు సుమారు ఒకటిన్నర కిలో ఇస్తుంది. పైన చెప్పిన చెరువు పదెకరాలైతే గంటకు 36 కిలోలు తగ్గుతుంటే నాలుగు ఏరేటర్లు ఇచ్చేది 6 కిలోలే. అంటే ఉన్న ఏరేటర్లతో చెరువు మొత్తాన్ని కాపాడలేం. చేప వచ్చి తలదాచుకునే చోటు ఒకటి చేయగలం. నాలుగింటినీ నాలుగు మూలల్లో పెడితే ఎక్కడా సరిపోదు. మేత సంచుల వరుసకు దగ్గరగా, కనీసం నాలుగడుగుల నీరున్న చోట ఒక గుంపుగా పెట్టండి. చేప ఇంకా చురుగ్గా ఉండగా వేస్తేనే అక్కడికి చేరుతుంది, నీరసించాక ఉన్న మూలనే ఉండిపోతుంది.

రెక్కలు నీటిలో నాలుగు అంగుళాల వరకు మునగాలి. మరీ మునిగితే మోటారు కాలుతుంది, తేలితే నీరు చిమ్మదు. గట్టుకు ఎదురుగా తిప్పితే మట్టి కోసుకుపోతుంది.

చేప తేలినప్పుడు

ఆక్సిజన్ బిళ్ళలు, గుళికల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సోడియం పర్‌కార్బనేట్ కిలో వేస్తే వచ్చేది సుమారు 150 గ్రాముల ఆక్సిజన్. ఎకరానికి ఒక్క పీపీఎం పెంచాలంటే 40 కిలోలు కావాలి, మనం వేసేది కిలో. రవాణా తొట్టిలోనో చిన్న మడుగులోనో పనికొస్తుంది గాని పదెకరాలకు కాదు. పొటాషియం పర్మాంగనేట్ ఆక్సిజన్ ఇవ్వదు. పైగా ప్లాంక్టన్ చచ్చి మర్నాడు పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఏరేటరు లేకపోతే ఇంజను పెట్టి చెరువు నీటినే తోడి, పలక మీద కొట్టి పలచగా చిమ్మేలా తిరిగి చెరువులోకి వదలండి. బోరు నీటిలో ఆక్సిజన్ ఉండదు, దాన్ని కూడా అలా చిమ్మించాకే కలపాలి. డ్రెయిన్ నీరు తోడేముందు తప్పనిసరిగా కొలవండి. పై చెరువుల వాళ్ళు వదిలిన మురుగు అందులో ఉండవచ్చు. కొల్లేరులో కలిసే డ్రెయిన్లలో వేసవిలో ఇది మరీ ఎక్కువ.

పచ్చటి నీరు ఒక్కరోజులో గోధుమ రంగుకు తిరిగితే ప్లాంక్టన్ చచ్చిందని అర్థం. అప్పుడు పై లెక్కలన్నీ పక్కనపెట్టి, కొత్త పచ్చదనం వచ్చేవరకు పగలూ రాత్రీ ఏరేటర్లు తిప్పాలి. నీటిలో చేయి మోచేతి వరకు ముంచితే అరచేయి లీలగా కనబడాలి. మణికట్టు దాటగానే కనబడకపోతే పెంట, మేత తగ్గించే సమయం వచ్చింది.

కరెంటు పోతే ఆధారంగా ఇంజను గాని జనరేటరు గాని సిద్ధంగా ఉంచి, వారానికోసారి తిప్పి చూడండి. ప్రతి ఏరేటరుకూ ఎర్తు, పెట్టెలో ఈఎల్‌సీబీ ఉండాలి. అతుకుల వైర్లు నీటిలో వేయవద్దు. రెక్కకు నాచు చుట్టుకున్నా, పడవ మీద వెళ్ళి సరిచేయాల్సి వచ్చినా ముందు గట్టు మీద మెయిన్ ఆపి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టి ఆ తర్వాతే నీటిలో దిగండి.