గాంధారి నూటొకటో కుండ

జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతరకి ఎమ్మిగనూరు వెళ్లినప్పుడు మా అక్క కూతురు పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. నేను చదువుకున్న పాఠం కోసం పేజీలు తిప్పాను. అనువంశికత ఉంది. మెండెల్ ఉన్నాడు, ఆయన బఠానీ మొక్కలున్నాయి. పాఠం అక్కడితో అయిపోయింది.

"డార్విన్ ఏడే?" అన్నాను.

"అది మాకు లేదు చిన్నమ్మా. ఇంటర్లో బైపీసీ తీసుకుంటే ఉంటాదంట."

ఆ పిల్లని ఇంటర్‌కి పంపాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేల్చలేదు.

కోవిడ్ తర్వాత పిల్లలమీద భారం తగ్గించాలంటూ 2022లో ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. పాఠ్యాంశాలు కుదించింది. 'అనువంశికత, పరిణామం' అన్న పదో తరగతి పాఠం 2023 పుస్తకాల్లో ఒట్టి 'అనువంశికత' అయింది. ఆ ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దీన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. పరిణామం పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నది సంస్థ సమాధానం. మన రాష్ట్రం 2024-25 నుంచి పదో తరగతికి ఆ సిలబస్‌నే తీసుకుంది. అంతకుముందు మన పుస్తకంలో లామార్క్, డార్విన్ ఇద్దరూ ఉండేవారు.

పన్నెండో తరగతిలో ఉందన్నది నిజమే. కానీ ఎవరికి ఉంది? జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకే. పశ్చిమ కర్నూలులో పదో తరగతే చివరి తరగతి అయిన ఆడపిల్లలు ఎంతమందో మనకు తెలుసు. వలస కాలం రాగానే అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిరప కోతలకి వెళ్లేవాళ్లకు పదో తరగతి దాకా రావడమే గొప్ప. భారం తగ్గించింది ఎవరికోసమో గానీ, పాఠం పోయింది మాత్రం వీళ్లకి.

ఈ కోతకి ముందు జరిగిన రెండు సంగతులు గుర్తుచేసుకోవాలి. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం తప్పన్నారు. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదనీ, చదువుల్లో దాన్ని మార్చాలనీ అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఆయన మాటను ఖండించాయి. సరిగ్గా ఏడాదికి, 2019 జనవరిలో జలంధర్‌లో సైన్సు కాంగ్రెస్ జరిగింది. అక్కడ మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి.నాగేశ్వరరావు దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటే మెరుగైనవన్నారు. నూరుగురు కౌరవులు మూలకణాల విద్యతో, టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పుట్టారన్నారు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ఆ నూరు దగ్గరే ఆగింది. ఆదిపర్వంలో కథ అది కాదు. కుంతి ప్రసవించిందని విని, ఏళ్లు గడిచినా కానుపు రాని గాంధారి బాధతో తన కడుపును తానే కొట్టుకుంటుంది. మాంసపు ముద్ద బయటపడుతుంది. వ్యాసుడు దాన్ని ముక్కలు చేయించి నేతి కుండల్లో ఉంచుతాడు. ఒక కూతురు కూడా ఉంటే బాగుండునని గాంధారి మనసులో కోరుకుంటుంది. అందుకే కుండలు నూటొకటి. నూటొకటో కుండలో దుస్సల పుట్టింది. కౌరవుల పుట్టుకను ప్రయోగశాలగా చూపిన ప్రసంగంలో గాంధారి దెబ్బ లేదు, ఆమె కోరిక లేదు, కూతురు లెక్కలోనే లేదు. దీనివల్ల సైన్సుకి ఎంత నష్టమో పురాణానికీ అంతే నష్టం. ఒక స్త్రీ దుఃఖపు కథ ఉత్త సాంకేతిక విజయంగా మిగులుతుంది.

'ఎవరూ చూడలేదు' అన్న మాటకి జవాబు మా సీమ నేలలోనే ఉంది. డార్విన్ పక్షాన గట్టిగా నిలబడ్డ థామస్ హక్స్‌లీ, కర్నూలు గుహల్ని తవ్వించమని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కి సూచించాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1883-85 మధ్య తవ్వారు. ఆ ఎముకల్లో ఒక ఖడ్గమృగానికి లిడెకర్ కర్నూలు పేరే పెట్టాడు. అటు బనగానపల్లె వైపు జ్వాలాపురంలో సుమత్రా దీవి టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కింద వెదజల్లిన బూడిద పొర ఉంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. హక్స్‌లీ లండన్ నుంచి అడిగిన ప్రశ్నను ఇక్కడి పిల్ల అడగకూడదా?

గుహల దాకా కూడా పోనక్కర్లేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఎనిమిదిలోనే బడి మానేసి పత్తి విత్తనాల చేలో క్రాసింగ్‌కి పోయింది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దాలి. ఒక్కో పువ్వుకీ ఇలాగే. 1990ల చివర, 2000ల్లో ఈ పనికి ఆడపిల్లల్నే పెట్టుకునేవాళ్లు. వేళ్లు చురుగ్గా ఉంటాయనీ, ఎత్తు మొక్కకి సరిపోతుందనీ చెప్పేవాళ్లు. అసలు సంగతి కూలి తక్కువ. మెండెల్ బఠానీ మొక్కలకి చేసిన పని అదే. మెండెల్ చేస్తే ప్రయోగం, నా స్నేహితురాలు చేస్తే కూలి.

ఆదోని మార్కెట్‌కి వచ్చే పత్తిలోనే పరిణామం కూడా కనిపిస్తుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ విషం తిన్న గులాబీ రంగు పురుగుల్లో చాలావరకు చచ్చాయి. ఏ కొద్దిగానో తట్టుకునే గుణమున్నవి బతికి, వాటి సంతానమే పెరిగింది. ఒక జన్యువున్న విత్తనం మీద నెగ్గిందని 2010లో గుజరాత్‌లో బయటపడింది. తర్వాతి ఏళ్లలో రెండు జన్యువుల విత్తనాన్నీ తట్టుకుంది. ప్రకృతి వరణం అంటే ఇదే. పురుగు ఎందుకు చావడం లేదో తెలియని రైతు విత్తనం కల్తీదనుకుంటాడు, లేకపోతే ఖర్మ అనుకుంటాడు. మందుకి మళ్లీ అప్పు చేస్తాడు. ఆ అప్పు భారం ఇంట్లో ఎవరి మీద పడుతుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఇలా అంటే డార్విన్‌ని పూజించమని కాదు. 1871లో 'డిసెంట్ ఆఫ్ మాన్' పుస్తకంలో ఆయన పురుషుడి బుద్ధి స్త్రీ బుద్ధి కంటే ఎక్కువని రాశాడు. అమెరికాలో ఆంటోనెట్ బ్రౌన్ బ్లాక్‌వెల్ 1869లో తన పుస్తకం పంపితే, జవాబులో ఆమెను 'డియర్ సర్' అని సంబోధించాడు. ఆమె 1875లో మరో పుస్తకం రాసి స్త్రీల గురించి ఆయన చెప్పినదాన్ని ఖండించింది. పరిణామాన్ని ఒప్పుకుంటూనే, దాని తర్కంతోనే వాదించింది. చదివింది కాబట్టి వాదించగలిగింది. 1960ల్లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ఈ పాఠం చెప్పడమే నేరం. ఆ చట్టం మీద కోర్టుకెక్కింది సుసాన్ ఎపర్సన్ అనే జీవశాస్త్రం టీచరు. 1968లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మా బడిలో అలాంటి టీచరు లేరు. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు "ఇది ఇంట్లో చదువుకోండి" అన్నారు. పరిణామం వచ్చినప్పుడు "పరీక్షలో రాయండి, నమ్మాల్సిన పని లేదు" అన్నారు. రెండూ మన పుట్టుక గురించిన పాఠాలే. ఆడపిల్లలకు తమ ఒంటి గురించి చెప్పడానికి వెనకాడిన చోటే, మనుషులందరి పుట్టుక గురించి చెప్పడానికీ వెనకాడారని ఇప్పుడు అర్థమవుతోంది. కాకపోతే మాకు పుస్తకమైనా ఉండేది. దొంగచాటుగానైనా ఆ పేజీలు చదివాం.

ఆ రాత్రి మా అక్క కూతురికి పత్తి పురుగు కథ చెప్పాను. అంతా విని, "అయితే కోతులు ఇంకా ఎందుకున్నాయి చిన్నమ్మా?" అంది. ఇప్పటి కోతుల నుంచి మనం రాలేదనీ, వాటికీ మనకీ ఎప్పుడో ఒకే పూర్వీకులు ఉండేవారనీ చెప్పాను. అంటే అవి మనకి తాతలు కాదు, దాయాదులు. కాసేపాగి, "ఇది పరీక్షకి రాదు కదా, మరి ఎందుకు చెప్తున్నావ్?" అంది.

పరీక్షకి రాదు కాబట్టే చెప్పానని అన్నాను. నా పాత పుస్తకం అటక మీద వెతికి ఇచ్చి వచ్చాను.